ఏడో అడుగు

“ఏడడుగులొచ్చినయ్. గీత గీయ్ లూకా,” అన్నాడు జకర్యా, టేపు కొస నేలకు అదిమిపట్టి.

లూకా సుద్దముక్కతో గీత గీశాడు. ఈ రాంగోపాల్‌పేట్ గోదాములో జకర్యా ఫోర్క్‌లిఫ్ట్ నడపబట్టి పద్దెనిమిదేళ్లు. అన్నేళ్లూ లూకా బండి పక్కనే నడిచాడు. ఆపాల్సిన చోట ర్యాకు స్తంభం మీద అరచేత్తో రెండుసార్లు చరుస్తాడు. జకర్యా బ్రేకు నొక్కుతాడు.

మేనేజర్ తాతారావు వచ్చి గీత చూశాడు.

“ఏడెందుకయ్యా? కొత్త బండికి ఆరడుగుల దారి చాలని చెప్పాను కదా! ఇప్పుడున్న పన్నెండడుగుల దారుల్ని సగం చేస్తేనే ఇంకో నాలుగు వరసల ర్యాకులు పడతాయి.”

“ఆరు బండికి సార్. ఒకటి లూకా నిలబడనీకి.”

“ఆ దారిలో బండి ఉంటే మనిషి ఉండకూడదు. ఎక్కడ ఆగాలో బండికున్న కెమెరానే చూపిస్తుంది.”

“మరి లూకా ఏం జెయ్యాలె సార్?”

“కొత్త బండి మీద నీకు వారం రోజులు ట్రైనింగ్ ఉంటుంది,” అన్నాడు తాతారావు, జకర్యా వైపే చూస్తూ.

జకర్యా చేతిలో టేపు వదులైంది.

“గట్టిగ పట్టన్నా,” అన్నాడు లూకా. ఏడో అడుగు గీతను చెప్పుకాలితో చెరిపి, ఆరు దగ్గర కొత్తది గీశాడు. ఎక్కడా వంకర పోలేదు.

“ఇప్పుడు సరిపోయిందా సార్?”

తాతారావు తలూపి వెళ్లిపోయాడు.

జకర్యా తల వంచుకుని, టేపు చుడుతూ వెనక్కి అడుగులు వేశాడు. వీపు ర్యాకుకు తగలబోతుండగా స్తంభం మీద రెండు చరుపులు వినిపించాయి.

కింద బండి లేదు. అయినా అతని కుడికాలు నేలను నొక్కింది.