ఆరు తర్వాత

ఓబులేష్‌కు నిద్రలో ఊపిరి ఆగుతోందని ఆసుపత్రిలో అనుమానపడ్డారు. నిద్ర పరీక్ష చేసే మనిషి ఒక్కడే కాబట్టి తేదీ నాలుగు నెలల తర్వాత ఇచ్చారు.

"అంతవరకు ఏం చేయల్ల?" అని అడిగింది అతని భార్య గంగాదేవి.

"ఊపిరి ఆగినప్పుడు లెక్కబెట్టమ్మా. పది లోపల రాకుంటే కుదుపు" అంది నర్సు.

అలా జీతం లేని ఆసుపత్రి ఉద్యోగం గంగాదేవికి వచ్చింది. బాధేమీ పడలేదు. ఆ గురక పక్కనే ఉంటే ఆమెకు ధైర్యం. శెనక్కాయలు కొలిచినట్టే లెక్కపెట్టేది. ఒకటిని లాభం అనేది. ఏడు అంటే ఏడుపని, ఆరున్నొకటి అనేది.

"నాది ఊపిరా, శెనక్కాయలా?" అనేవాడు ఓబులేష్.

"శెనక్కాయలు ఇంత సద్దు చేస్తాయా?" అనేది ఆమె.

ఆ రాత్రి గురక ఆగింది. వీధిలో కుక్కలు కూడా ఊరుకున్నాయి.

"లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు." ఇంతలో ఆవలింత వచ్చి గంగాదేవి ఆగింది.

"ఏడు" అన్నారెవరో మంచం అవతలి నుంచి, మెల్లగా, మరిచిపోయింది అందించినట్టు.

ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. గంగాదేవి మొగుడి భుజం పట్టుకుని కుదిపింది. అతను లేవలేదు.

"ఎనిమిది" అంది ఆ గొంతు, తొందరేమీ లేదన్నట్టు.