ఖాళీ గది కొలత

రాడార్ తరంగాల్ని ఒడిసిపట్టే, అరచేతిలో ఇమిడే ఆ మెటామెటీరియల్ పలక కోసం ఇంజనీరమ్మ ఏడాదిగా తిండీ నిద్రా మానుకుంది. దాన్ని రాడార్‌కు తగిలిస్తే, ఎదురుగా ఉన్న మనిషి ఊపిరి కదలికను కూడా పట్టేస్తుంది.

ఆ రాత్రి పలకను పరీక్ష గదిలోని రాడార్‌కు బిగించి, బయటికొచ్చి ఇనుప తలుపు మూసింది. లోపల గోడలన్నీ నల్లటి స్పాంజి మొనలే. అక్కడ మాట్లాడితే మాట నోటి దగ్గరే చచ్చిపోతుంది. ముందు ఖాళీ గదిని రాడార్‌తో కొలవాలి. తర్వాతి లెక్కల్లోంచి తీసేయడానికే ఆ కొలత, అందుకే ఎవరూ దాని మొహం చూడరు. ఈసారి ఎందుకో ఆమె చూసింది.

బయటి తెరపై గీత మెల్లగా లేస్తోంది, పడుతోంది. నిమిషానికి పద్నాలుగు సార్లు.

టెక్నీషియన్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, లోపల ఫ్యానేమైనా వదిలేశావా?"

"ఆ గదిలో ఫ్యానెక్కడిదమ్మా? నీ ఊపిరే పట్టి ఉంటుందిలే."

"నేను బయటున్నా. ఇనుప తలుపు వేసేశా, రాడార్ దాన్ని దాటి రాదు."



"పొద్దున చూద్దాం. నువ్వు ఇంటికెళ్లిపో. తలుపు మాత్రం తీయకు."

ఆమె తలుపుకు చెవి ఆనించింది. ఏమీ వినిపించలేదు. ఇంకా బాగా విందామని ఊపిరి బిగబట్టి, పక్కనున్న తెర వైపు చూసింది.

గీత కూడా ఆగిపోయింది.