అట్లకాడ ఆంటీ

గులాబీ రంగు విగ్గు అలమరలో లేదు.

కాగితం గ్లాసుల కోసం మేడ మీదికి వచ్చిన పెయ్‌లిన్‌కి ఒళ్ళు మండిపోయింది. విగ్గుతో పాటు గౌనూ లేదు. అట్టముక్కతో చేసిన కత్తి కూడా లేదు. స్నేహితురాలి పుట్టినరోజని చెప్పి పొద్దున్నే బస్సెక్కింది యూష్యా. పుట్టినరోజుకి కత్తెందుకు?

దడదడా మెట్లు దిగింది. కింద వాళ్ళ టిఫిన్ సెంటరు ఆదివారం జనంతో కిటకిటలాడుతోంది. పెనం దగ్గరున్న మొగుడి మీద విరుచుకుపడింది.

“మళ్ళీ ఆ వేషగాళ్ళ దగ్గరికే పోయింది! ఇంక వెళ్ళనని నా చేతిలో చెయ్యేసి చెప్పిందా, లేదా?”

“పోనీలేవే. ఎవరికేం నష్టం?” అంటూ చెంగ్‌వే గుడ్డు కొట్టి పెనం మీద వేశాడు.

“నువ్విలా వెనకేసుకు రాబట్టే అలా తయారైంది. ఈ వయసులో చెయ్యాల్సిన పనులేనా ఇవి? ఎదురింటావిడ బస్సులో ఫోటో తీసి మరీ చూపించింది, మీ ఇంటి మనిషే కదూ అని. నా తల ఎక్కడ పెట్టుకోను?”

చెంగ్‌వే అట్టు తిరగేసే పనిలో మునిగిపోయాడు.

“నీకు నోరు పెగలదు. నేనే వెళ్తా. సాయంత్రం చెత్తబండి పాట వినపడగానే ఆ విగ్గు అందులో పడకపోతే నా పేరు పెయ్‌లిన్ కాదు!”

స్కూటరెక్కింది. నూనె మరకల ఏప్రన్, మోచేతుల దాకా పూల తొడుగులు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. నడుములో దోపుకున్న అట్లకాడ కూడా తనతో వచ్చేసిందని, ఆ వేషగాళ్ళు ఎప్పుడూ చేరే యూనివర్సిటీ ఆటల హాలు ముందు దిగాక గానీ చూసుకోలేదు.

హాలు తిరునాళ్ళలా ఉంది. ఎటు చూసినా రెక్కలు, తోకలు, కొమ్ములు. గుమ్మంలో పిల్లి చెవులు పెట్టుకున్న కుర్రాడు ఆపాడు.

“ఆయుధం చూపించండాంటీ.”

“ఆయుధమేంట్రా?”

వాడు అట్లకాడ అందుకుని అంచు తడిమి చూశాడు. “ఇనుముదే! మొద్దుగానే ఉందిలెండి.” తనిఖీ అయినట్టు గుర్తుగా పిడికి ఓ పచ్చ స్టిక్కరంటించి తిరిగిచ్చాడు. “వేషం అదిరింది!”

“వేషమేంటి నీ మొహం,” అనుకుంటూ లోపల అడుగుపెట్టిందో లేదో, కేక వినపడింది.

“అట్లకాడ ఆంటీ!”

క్షణంలో చుట్టూ మూగారు. వీళ్ళంతా పిచ్చిగా చూసే కార్టూన్ సీరియల్లో ఓ టిఫిన్ సెంటరు ఆంటీ ఉందట. పగలు అట్లు తిరగేస్తుందట, చీకటి పడితే అదే అట్లకాడతో దెయ్యాలని తిరగేస్తుందట. ఆ సంగతి పెయ్‌లిన్‌కి తర్వాతెప్పుడో తెలిసింది.

“ఆ మరకలు చూడవే, అచ్చం నిజం నూనెలానే ఉన్నాయి! ఎలా వేశారాంటీ?”

“ఇరవై ఏళ్ళు పట్టింది,” పళ్ళు నూరుతూ అంది. అందరూ పకపకా నవ్వారు.

“ఒక్క డైలాగు చెప్పండాంటీ, ప్లీజ్!”

“నాకే డైలాగులూ రావు. జరగండి.”

ఒక్కరూ జరగలేదు. పెయ్‌లిన్ ఓపిక నశించింది. అట్లకాడ ఎత్తి అరిచింది. “గుడ్డు వెయ్యాలా, వద్దా? చప్పున చెప్పి చావు, వెనక జనం ఉన్నారు!”

హాలు దద్దరిల్లింది.

ఫోటోల కోసం వరస కట్టారు. కొమ్ముల పిల్ల ఒకతె కుర్చీ లాక్కొచ్చింది. “పొద్దుట్నించీ నిలబడే ఉన్నట్టున్నారు, కూర్చోండాంటీ.” ఇంకొకతె చల్లటి టీ చేతికిచ్చి, చెదిరిన ఆమె జుట్టు సవరించింది.

పెయ్‌లిన్ కుర్చీలో కూలబడింది. రోజూ అంతమంది వచ్చి పెనం ముందు నిలబడతారు. అట్టు వంక చూసేవాళ్ళే గానీ ఆమె మొహం వంక చూసినవాళ్ళు లేరు.

“ఇలాంటి వేషాలేస్తే మీ ఇళ్ళల్లో తిట్టరా?” అనడిగింది కాసేపటికి.

“తిట్టకేం!” అంది కొమ్ముల పిల్ల. “అందుకేగా ఇక్కడికొచ్చి పడతాం. నీకేమన్నా పిచ్చా అని ఇక్కడెవరూ అడగరు. అందరిదీ అదే పిచ్చి.”

పెయ్‌లిన్‌కి నవ్వొచ్చింది. తర్వాతి ఫోటోకి ఎవరూ అడక్కుండానే అట్లకాడ పైకెత్తింది.

అప్పుడే జనం రెండుగా చీలారు. “కెప్టెన్ వస్తోంది, దారివ్వండి!”

గులాబీ విగ్గు. మొహానికి ముక్కు దాకా వెండి ముసుగు. పెయ్‌లిన్‌ని చూడగానే కెప్టెన్ చేతిలోంచి కత్తి జారి పడింది.

“అయిపోయాను,” గొణిగింది యూష్యా. “నన్ను ఇంటికి ఈడ్చుకుపోవడానికే వచ్చింది.”

కొమ్ముల పిల్ల చటుక్కున ఇద్దరి మధ్యా నిలబడింది. “మా కెప్టెన్‌ని ఏమీ అనొద్దాంటీ. నేనెవరితోనూ మాట్లాడలేక గోడవారన కూర్చుని ఏడుస్తుంటే, చెయ్యి పట్టుకుని అందరిలోకీ తీసుకొచ్చింది కెప్టెనే.”

పెయ్‌లిన్ ఆ గౌను వంక చూసింది. ఇన్నాళ్ళూ కుట్టు మిషను చప్పుడుకి విసుక్కోవడమే గానీ, ఆ కుట్లు ఒక్కసారీ చూడలేదు. ఒక్కటంటే ఒక్కటి వంకర లేదు.

వంగి కత్తి తీసింది. యూష్యా చేతిలో పెట్టింది. వెళ్ళి పక్కన నిలబడి, భుజం చుట్టూ చెయ్యి వేసి, రెండో చేత్తో అట్లకాడ ఎత్తి పట్టుకుంది. చుట్టూ ఫోన్లు లేచాయి.

“కాస్త నోరారా నవ్వండి అత్తయ్యా,” అంది పెయ్‌లిన్, “పళ్ళసెట్టు పెట్టుకునే వచ్చారుగా!”