సగం అల్లిన గూళ్ళు

గాలివానకి వాగొడ్డు చెట్లన్నీ కూలి, పిచ్చుకలు నిలువనీడ లేక బిక్కుబిక్కుమంటున్నాయి. మిగిలింది అడవికి పెద్దయిన ఏనుగుకి చెందిన తుమ్మచెట్టొక్కటే.

"చెట్టు నేనిస్తాను. గూళ్ళు కట్టడం నాకు రాదు," అంది ఏనుగు.

"అల్లడం మాకొచ్చు. కూలేమీ వద్దు," అన్నాయి గిజిగాడు పిట్టలు. పిచ్చుకలు ఏనుగుకిచ్చే అద్దె ఏడాదికో గడ్డిపోచ చాలనుకున్నారు అందరూ.

కొన్నాళ్ళకి ఏనుగు చూడవచ్చి మండిపడింది. "అన్నీ సగం సగమేనా! లేనివాళ్ళంటే అంత చులకనా?"

"మా ఇళ్ళూ అంతేనయ్యా," అన్నాడు ముసలి గిజిగాడు. "సగం అల్లి ఆగుతాం. ఇంటావిడ వచ్చి, ఊగి చూసి, సరేనంటేనే తక్కిన సగం. ఉండేది ఆవిడ కదా!"

తల్లిపిచ్చుక ఒకతె బెరుగ్గా గూట్లోకి దూరి ఊగి చూసింది. "గుమ్మం కిందికుంటే నా పిల్లలు జారిపోతారు, బాబాయ్. పక్కకి పెడతావా?"

"పెడతానమ్మా," అంటూ గిజిగాడు గడ్డి అందుకున్నాడు.

గుమ్మం పక్కకి మారేదాకా ఏనుగు చూస్తూ నిలబడింది. తర్వాత, వంతు కోసం చూస్తున్న మరో పిచ్చుక వైపు తొండం వంచింది.

"నీకు గుమ్మం ఎటుండాలమ్మా?"

ఆ మాట తననెవరూ ఎన్నడూ అడగలేదు. జవాబు చెప్పడానికి పిచ్చుకకి చాలాసేపు పట్టింది. అందరూ ఆగారు.