నలభై ఏడో అంశం

నలభై ఆరు అంశాలు పాసయ్యాయి. ఒక్కటి మిగిలింది.

ప్రోగ్రామరు ఆ ఒక్కదాని కోసమే ఎదురుచూస్తున్నాడు. లాండ్రీ షాపు కోసం ఆరు నెలలు కూర్చుని రాసిన సాఫ్ట్‌వేర్ ఇది. ఇవాళ 'అంతా సరిగ్గా ఉంది' అని సంతకం పడితే రేపటి నుంచి అతనికి సెలవు. లేకపోతే సెలవు మాట మర్చిపోవడమే.

లాండ్రీ తరఫున పరీక్షించడానికి వచ్చినావిడ మాత్రం తాపీగా కళ్లజోడు తుడుచుకుంది. సాఫ్ట్‌వేర్ ఏమేం చెయ్యాలో చెప్పే రిక్వైర్‌మెంట్ల పత్రం రాసిందీ ఆవిడే, అన్నీ ఉన్నాయో లేదో చూసేదీ ఆవిడే. చొక్కా గుండీ ఊడితే ఇస్త్రీకి ముందే కస్టమరుకి కబురు వెళ్లాలని రాసింది. వెళుతోంది. జత తప్పిన సాక్సుని విడిగా లెక్కపెట్టాలని రాసింది. పెడుతోంది.

"నలభై ఏడు," అని పైకి చదివింది. "సరిగ్గా మూడున్నరకి యజమాని కంప్యూటరు ఆగిపోవాలి. 'బయల్దేరాను' అని నొక్కేదాకా పనిచెయ్యకూడదు."

పక్కనే కూర్చున్న లాండ్రీ యజమాని ఒంటికాలి మీద లేచాడు. "ఇది నేనెప్పుడు అడిగాను?"

"ప్రతి పేజీ కింద మీ సంతకం ఉంది, సార్."

"చదవకుండా పెట్టుంటాను."

"అందుకే ఇప్పుడు చదివి వినిపిస్తున్నాను, సార్."

మూడున్నర అయింది. స్క్రీన్ బిగుసుకుపోయింది. దాని మీద రెండు బటన్లు వచ్చాయి. ఒకటి 'బయల్దేరాను'. రెండోది 'ఇదిగో, అయిదు నిమిషాల్లో'.

ఆవిడ రెండోదాన్ని ఎగాదిగా చూసింది. "ఇది పత్రంలో లేదే. ఎవరు పెట్టమన్నారు?"

ప్రోగ్రామరు యజమాని వైపు చూశాడు. యజమాని ఫ్యాను వైపు చూశాడు.

"ఒక బటన్ ఎక్కువుంటే కొంపలేం మునుగుతాయి?" అని ఫ్యానుకే చెప్పాడు.

"అడగనిది ఉన్నా తప్పే. తీసెయ్యండి."

ప్రోగ్రామరు మూడు నిమిషాల్లో తీసేశాడు. పాపం, యజమానికి ఇక దారి లేదు. 'బయల్దేరాను' నొక్కాడు. స్క్రీన్ కదిలింది. ఆయన మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"ఫెయిల్," అంది ఆవిడ.

ప్రోగ్రామరు స్క్రీన్ వైపు చెయ్యి చూపించాడు. "నొక్కారు కదా, మేడమ్?"

"నొక్కారు. బయల్దేరలేదు."

"అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదండీ."

"తెలుసు బాబూ. కానీ పని జరిగిందా లేదా అన్నదే నేను చూసేది."

ప్రోగ్రామరు చేతులు జోడించి యజమాని వైపు తిరిగాడు. "సార్, నా సెలవు మీ చేతుల్లో ఉంది."

చేతుల్లో కాదు, కాళ్లలో ఉంది. యజమాని నిట్టూర్చి, కారు తాళాలు తీసుకుని, చెప్పులు వెతుక్కుని బయటికి నడిచాడు.

ఆవిడ 'పాస్' అని రాసి సంతకం పెట్టింది. ప్రోగ్రామరు హమ్మయ్య అనుకుంటూ లాప్‌టాప్ మూశాడు.

అప్పుడు ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమండీ, బడి వెనక గేటు దగ్గర నిలబడి ఉంటుంది, ఈసారైనా మన పాపనే తీసుకురండి" అని కేకేసింది.