బోటు మీద పేరు

గిలకలదిండి హార్బర్‌లో ఒడ్డుకు కట్టిన బోటు మీద తన పేరు చూసి ఉమాదేవి టక్కున ఆగిపోయింది.

ఉమాదేవి. ఎర్ర రంగుతో, జానెడేసి అక్షరాలు.

బోటులో వల సర్దుతున్న మనిషి తలెత్తాడు.

శివ!

గుడివాడలో చేపల వ్యాపారం చేసే ఆమె భర్త నాగేంద్రబాబు అవతల వేలంపాటలో ఉన్నాడు. ఏ క్షణమైనా ఇటే వస్తాడు. పెళ్ళికి ముందు ఆమె మనసులో ఒక శివ ఉన్నాడని ఆయనకు తెలియదు.

“సిగ్గు లేదూ? ఊరంతా చూసేలా నా పేరు రాసుకుంటావా? మా ఆయన చూస్తే నా కాపురం ఏం కావాలి?”

“అది కాదు ఉమా...”

“ఉమా గిమా అనకు! ముందు చెరుపు.”

శివ ఇనప రేకు తీసుకుని గీకడం మొదలుపెట్టాడు. ‘ఉ’ పోయింది. ‘మా’ పోయింది. ఎర్రటి పెచ్చులు నీళ్ళలో తేలాయి.

చూస్తుంటే ఆమె కోపం దిగిపోయింది. లోపలెక్కడో కలుక్కుమంది. ఇన్నేళ్ళూ మర్చిపోలేదన్నమాట!

“నేనూ మా నాన్నని క్షమించలేదు,” అంది గొంతు తగ్గించి. “పెళ్ళయ్యాక పుట్టింటి గడప తొక్కలేదు. పోయేముందు చూడాలని కబురు పెట్టినా రాలేదు.”

రేకు ఆగిపోయింది. అప్పటికి ‘వి’ ఒక్కటే మిగిలింది.

“రాలేదా?”

“ఎందుకొస్తాను? ‘పడవ లేనోడికి పిల్లనివ్వను’ అని నా మొహం మీదే అన్నాడు.”

“ఏమేవ్! బేరం కుదిరింది, రా!” అవతల నుంచి నాగేంద్రబాబు కేక.

ఉమాదేవి కదల్లేదు. శివ మొహం పాలిపోయి ఉంది.

“ఇది మీ నాన్న, నాంచారయ్య మావయ్య బోటు. మొన్ననే మీ అన్న దగ్గర కొన్నాను. ఈ పేరు నీ పెళ్ళయ్యాక ఆయన చేత్తో రాసుకున్నదే.”

ఆమె చప్పున వంగి, మిగిలిన అక్షరాన్ని అరచేత్తో కప్పేసింది.

“నిన్ను చేసుకుంటే వలల్లో సగం రాసిస్తానని నన్ను బతిమాలాడు. మనసు మారింది నాదే, ఉమా. అప్పటికే వైజాగ్‌లో ఇంకో పిల్లని చూసుకున్నాను. ఆ మాట చెబితే, ‘నువ్వు కాదన్నావని తెలిస్తే నా కూతురు బతకదురా. నేనే వద్దన్నానని చెబుతాలే. తిట్టుకుంటే నన్ను తిట్టుకుంటుంది, తండ్రినేగా’ అన్నాడు.”