నమస్కారం నేర్చిన పిల్ల

నెలంతా కూర్చోబెట్టి ఎనిమిదేళ్ళ కూతురు వకుళకి నమస్కారం పెట్టడం నేర్పింది సుభాషిణి. ఎవరైనా చూడవస్తున్నారంటే పిల్లని ముస్తాబు చేసి నిలబెట్టడం ఆమెకి పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. బడిలో ఏడాదికోసారి జరిగే సమీక్షకీ అలాగే తీసుకెళ్ళింది.

వకుళ చెవిలో 'తోడు' ఉంటుంది. పక్కనుండి చెబితే తప్ప తమ పనులు చేసుకోలేని ఇలాంటి పిల్లలందరికీ ఇప్పుడు దాన్ని బడే ఇస్తోంది. చెప్పులు వేసుకోమనీ, అది బెల్లు మోతే, భయం లేదనీ రోజంతా మెత్తగా చెప్పే గొంతు అది. పాపకి అది ఇంకా అవసరమో కాదో తేల్చేది ఆ సమీక్షే కాబట్టి, ఆ రోజు దాన్ని ఆపేశారు. సమీక్షలు చేసేది ఇప్పుడు మనుషులు కాదు, చూసి మాట్లాడే గది గోడలే. గోడ చూస్తుండగా వకుళ చక్కగా చేతులు జోడించింది, కుదురుగా కూర్చుంది, పేరు చెప్పింది.

"పాప బాగుపడింది. ఇక తోడు అక్కర్లేదు," అంది గోడ.

సుభాషిణి గోడ ముందుకి వచ్చింది. "అయ్యో, రోజూ ఇలా ఉండదండీ! బెల్లు మోగితే చేతులు కొరుక్కుంటుంది. కంచం ముందున్నా ఎవరో ఒకరు తినమనాలి."

"నాకు కనిపించిందే లెక్క."

పక్కనే ఉన్న టీచరమ్మ తల దించుకుంది. "అందరూ పిల్లల్ని ఉన్నదున్నట్టు తీసుకొస్తారమ్మా. మీరెందుకు నేర్పించారు?"

"నలుగురిలో పరువుగా ఉంటుందని..." అంది సుభాషిణి.

తోడు తీసేసుకున్నారు. గుమ్మం దగ్గర వకుళ ఆగిపోయి చెవి తడుముకుంది. చెప్పులు ఎదురుగానే ఉన్నాయి, వేసుకోమనే గొంతు లేదు. వెనక్కి తిరిగి, అమ్మ నేర్పినట్టే గోడకి నమస్కారం పెట్టింది. జవాబు రాలేదు. మళ్ళీ పెట్టింది, ఈసారి ఇంకా బాగా.